రేసుకు ముందు మూడు పరీక్షలు

సికింద్రాబాద్: 2023 ఫిబ్రవరి 10, శుక్రవారం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్‌లో ప్రపంచ స్థాయి విద్యుత్ కార్లు తొలి సాధన పరుగుకు సిద్ధమవుతున్నాయి. అంతలో రేసు ట్రాక్ మీదికి మామూలు వాహనాలు వచ్చేశాయి. రోజూ తాము వెళ్లే దారే కదా అనుకుని వచ్చినవారిని మరీ తప్పుపట్టలేం. రాణిగంజ్ మీదుగా ట్యాంక్‌బండ్ దాటి సచివాలయం వైపు వెళ్లే సికింద్రాబాద్ వాసికి ఆ రోడ్డు ఇంటి ముంగిటి వంటిదే. ఆ వాహనాలన్నింటినీ బయటికి పంపి, దారి పూర్తిగా ఖాళీ అయిందని నిర్ధారించుకున్న తర్వాతే సాధన మొదలైంది.

జంటనగరాల్లో చాలామందికి ఈ ఫార్ములా-ఈ పోటీ అంటే మరునాటి మధ్యాహ్నపు రేసే గుర్తుంది. గెలిచినవారి ఫొటోలే పత్రికల్లో వచ్చాయి. కానీ ఒక మోటారు పోటీ సక్రమంగా జరిగిందా లేదా అన్నది తేలేది అసలు రేసులో కాదు, దానికి ముందు జరిగే మూడు పరీక్షల్లో. అవి సాంకేతిక తనిఖీ, సాధన, అర్హత పోటీ. రేసు భాషలో స్క్రూటినీరింగ్, ప్రాక్టీస్, క్వాలిఫయింగ్ అంటారు. వీటిలో ఏ ఒక్కటి సరిగా జరగకపోయినా అసలు రేసుకు అర్థం ఉండదు. ఒక్కోసారి రేసే ఉండదు. ఆ సంగతి ఈ నగరానికి అనుభవమే.

ఒట్టి సాధనతో సరి

ఫార్ములా-ఈ కంటే మూడు నెలల ముందు, 2022 నవంబరు 19, 20 తేదీల్లో ఇదే సాగర తీరాన ఇండియన్ రేసింగ్ లీగ్ పోటీలు ఏర్పాటయ్యాయి. ప్రపంచ పోటీకి అది రిహార్సల్ అని చెప్పుకున్నారు. శని, ఆది వారాలు కావడంతో జనం కుటుంబాలతో తరలివచ్చారు. అయితే ట్రాక్ పనుల్లో ఆలస్యం, సాధన పరుగుల్లో ప్రమాదాలు, వెలుతురు తగ్గిపోవడం వంటి కారణాలతో ఆ రెండు రోజులూ లీగ్ రేసులు జరగలేదు. టిక్కెట్టు కొన్నవారు కార్ల సాధన చూసి ఇంటిదారి పట్టారు. తిరిగి డిసెంబరు 10, 11 తేదీల్లో ఇక్కడే పోటీలు నిర్వహించారు.

అప్పట్లో నిర్వాహకుల మీద విమర్శలు వెల్లువెత్తాయి. ప్రేక్షకులకు సమాచారం సరిగా అందలేదన్న మాటలో న్యాయం ఉంది. కానీ సాధన సంతృప్తికరంగా సాగనప్పుడు రేసు జరపకపోవడం మాత్రం తప్పు కాదు. జరిపితేనే తప్పయ్యేది. వీధి ట్రాక్‌లో కారుకూ కాంక్రీటు గోడకూ మధ్య ఖాళీ స్థలం దాదాపు ఉండదు. బుద్ధ్ సర్క్యూట్, శ్రీపెరుంబుదూరు వంటి శాశ్వత ట్రాకులలో మలుపు తప్పిన కారు ఇసుకలోకో, పక్కనున్న చదును నేలమీదికో పోతుంది. ఎన్టీఆర్ మార్గ్‌లో గోడకే పోతుంది.

తనిఖీలో ఏం చూస్తారు?

మొదటి పరీక్ష కారుకు కాదు, దారికి. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ అనుమతి లేనిదే ఏ ట్రాక్‌పైనా ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ జరగదు. మన దేశంలో దాని అనుబంధ సంస్థ భారత మోటారు క్రీడల క్లబ్బుల సమాఖ్య. గోడలు ఎంత గట్టిగా బిగించారు, వాటి పైన కంచె ఉందా, మలుపు బయట తాకిడిని తట్టుకునే అడ్డుకట్టలు ఉన్నాయా, మ్యాన్‌హోల్ మూతలు కదలకుండా బిగించారా, అంబులెన్సు ఎటునుంచి రావాలి అన్నవన్నీ ఇందులో చూస్తారు. మ్యాన్‌హోల్ మూత చిన్న విషయమనుకోరాదు. వేగంగా వెళ్లే రేసు కారు అడుగుభాగం గాలిని పీల్చినట్టు లాగుతుంది. ఆ లాగుడుకు ఇనుప మూతలు పైకి లేచి కార్లను ధ్వంసం చేసిన ఘటనలు పెద్ద పెద్ద పోటీల్లోనే ఉన్నాయి. 2023 నవంబరులో లాస్ వెగాస్‌లో ఫార్ములా-1 తొలి సాధన కొద్ది నిమిషాలకే ఆగిపోయింది ఇటువంటి మూత వల్లనే.

హైదరాబాద్ ట్రాక్ పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ పరిసరాలను చుట్టి వచ్చేలా దీనిని వేశారు. కొత్త సచివాలయ భవనం అప్పటికి ఇంకా ప్రారంభం కాలేదు.

దారి తర్వాత కారు వంతు. ఫార్ములా-ఈలో ఆ ఏడాది నుంచే మూడో తరం కార్లు ప్రవేశించాయి. డ్రైవరుతో కలిపి సుమారు 850 కిలోల బరువు. గరిష్ఠ శక్తి 350 కిలోవాట్లు. వెనుక చక్రాలను మోటారు నడుపుతుంది. ముందు చక్రాల దగ్గర మరో మోటారు ఉంటుంది కానీ, అప్పట్లో అది కారును నడిపేది కాదు. వేగం తగ్గించేటప్పుడు విద్యుత్తును తిరిగి బ్యాటరీకి పంపడమే అప్పుడు దాని పనిగా ఉండేది. బ్యాటరీ, చట్రం, టైర్లు అందరికీ ఒకే సంస్థల నుంచి వస్తాయి. మోటారు, గేరుపెట్టె, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఆయా తయారీ సంస్థలవి. అందువల్ల తనిఖీ అధికారులు రెండు పనులు చేయవలసి ఉంటుంది. అందరికీ ఒకటిగా ఉండవలసినవి నిజంగా ఒకటిగానే ఉన్నాయా అని చూడడం ఒకటి. వేరుగా ఉండదగినవి ముందుగా నమోదు చేసిన ప్రకారమే ఉన్నాయా అని చూడడం రెండోది.

కారును తూకం వేస్తారు. కొలతలు తీస్తారు. టైర్లకు ఉండే గుర్తు సంఖ్యలను నమోదు చేసుకుంటారు. కేటాయించినవి కాక మరో టైరు వాడితే ఆ సంఖ్యే పట్టిస్తుంది. విప్పకూడని భాగాలకు సీలు వేస్తారు. సాఫ్ట్‌వేర్ ఆమోదం పొందినదేనా అని సరిపోల్చుకుంటారు. డ్రైవరు హెల్మెట్, మంటలను తట్టుకునే దుస్తులు, మెడను కాపాడే పట్టీ కూడా తనిఖీలో భాగమే. ప్రమాదం జరిగితే డ్రైవరు ఇరుకైన ఆ సీటులో నుంచి త్వరగా బయటపడగలగాలి. అందుకు నిర్దిష్ట సమయంలో బయటికి వచ్చి చూపించే పరీక్ష కూడా ఉంటుంది.

విద్యుత్ కారులో పెట్రోలు వాసన రాదు, ఇంజను రొద వినిపించదు. ఆగి ఉన్న కారులో అధిక వోల్టేజీ ఉందో లేదో కంటికి కనబడదు. ఇందుకోసం కారుపై ఒక సూచిక దీపం అమరుస్తారు. పచ్చగా వెలిగితే ముట్టుకోవచ్చు. ఎర్రగా ఉంటే, లేదా అసలు వెలగకపోతే, రబ్బరు తొడుగులు లేకుండా చేయి పెట్టరాదు. ట్రాక్ పక్కన జెండాలు పట్టుకునే మార్షల్స్‌కు ఇది మొదటి పాఠం. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్‌కు ఎల్‌సీ ఎంత ముఖ్యమో వీరికి ఆ దీపం అంత ముఖ్యం.

సాధనలో బయటపడిన లోపం

సాధన అంటే డ్రైవర్లు దారి నేర్చుకోవడమే అనుకుంటాం. అది కొంతవరకే నిజం. జట్లు ఇంటి దగ్గరే సిమ్యులేటర్‌పై ట్రాక్‌ను వందలసార్లు చుట్టి వస్తాయి. ఇక్కడికి వచ్చాక ఇంజనీర్లతో కలిసి కాలినడకన ఒక చుట్టు తిరుగుతారు. సిమ్యులేటర్ చెప్పలేనిది నేల స్వభావం. బస్సులు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు తిరిగిన రోడ్డు మీద దుమ్ము, నూనె చుక్కలు ఉంటాయి. మొదటి సాధనలో కార్లు జారుతుంటాయి. చుట్లు తిరిగేకొద్దీ టైర్ల రబ్బరు నేలకు అంటుకుని, పట్టు పెరిగి, కాలం తగ్గుతూ వస్తుంది. రేసు నడిచే గీత మీద నల్లటి చార ఏర్పడుతుంది. దాని పక్కన మాత్రం దుమ్ము అలాగే ఉంటుంది. అందుకే కొత్త వీధి ట్రాకులపై ముందున్న కారును దాటాలంటే మురికి పక్కకు దిగక తప్పదు.

ఫార్ములా-ఈలో సాధనకు ఇచ్చేది రెండు విడతలు, ఒక్కోటి అరగంట. హైదరాబాద్‌లో మొదటిది శుక్రవారం, రెండోది శనివారం ఉదయం. ఆ గంటలోనే బ్రేకు ఎక్కడ వేయాలి, ఎంత విద్యుత్తు తిరిగి రాబట్టగలం, టైరు ఎన్ని చుట్లకు వేడెక్కుతుంది అన్నవన్నీ తేలాలి.

తొలి సాధనలోనే పెద్ద ప్రమాదం జరిగింది. అప్పటికి ఛాంపియన్‌షిప్‌లో ముందంజలో ఉన్న పోర్షే డ్రైవర్ పాస్కల్ వెర్లైన్ కారు అదుపు తప్పి గోడను బలంగా ఢీకొంది. ఆయనను వైద్య పరీక్షలకు తీసుకువెళ్లారు. డ్రైవరు పొరపాటు కాక యంత్రంలో లోపం ఉందన్న అనుమానంతో పోర్షే తన రెండో కారునూ, తన యంత్రాలు వాడుతున్న ఆండ్రెట్టి జట్టు కార్లనూ ఆ విడతలో ఆపివేయించింది. ప్రపంచ టైటిల్ కోసం పోరాడుతున్న జట్లు ఉన్న కొద్దిపాటి సాధన సమయాన్ని వదులుకోవడం మాటలు కాదు. ఒక కారులో కనిపించిన లోపం అదే రకం యంత్రం ఉన్న ఇతర కార్లలో ఉండదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. మన ఊళ్లలో ఒక బస్సు బ్రేకు విఫలమైతే అదే డిపోలోని మిగతా బస్సులను ఆపి చూస్తారా అన్న ప్రశ్న ఇక్కడ మనసుకు రాక మానదు.

వెర్లైన్ కోలుకుని మరునాడు బరిలో దిగారు. వెనుక వరుసల నుంచి మొదలుపెట్టి నాలుగో స్థానంలో ముగించారు.

ఒక చుట్టు, ఒకరిపై ఒకరు

రేసు మొదలయ్యేటప్పుడు ఏ కారు ఎక్కడ నిలబడాలో నిర్ణయించేది అర్హత పోటీ. దాటడానికి చోటు లేని వీధి ట్రాక్‌పై ముందు వరుసలో నిలబడడం ఎంత లాభమో వేరే చెప్పనక్కరలేదు. ఫార్ములా-1లో మూడు దశలుగా నెమ్మది కార్లను తొలగిస్తూ పోతారు. ఫార్ములా-ఈ పద్ధతి వేరు. కబడ్డీ, టెన్నిస్ టోర్నీలు చూసేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది.

ఆ ఏడాది 11 జట్లు, 22 మంది డ్రైవర్లు. ఛాంపియన్‌షిప్ పట్టికలో బేసి స్థానాల వారిని ఒక గ్రూపుగా, సరి స్థానాల వారిని మరో గ్రూపుగా విడదీశారు. ఒక్కో గ్రూపులోని 11 మందికి 12 నిమిషాల సమయం, 300 కిలోవాట్ల శక్తి. ఆ గడువులో ఎవరి అత్యుత్తమ చుట్టు వారిది. ఒక్కో గ్రూపులో మొదటి నలుగురు ముందుకు వెళతారు. అక్కడినుంచి క్వార్టర్ ఫైనల్, సెమీ ఫైనల్, ఫైనల్. ఇద్దరిద్దరుగా, కొద్ది క్షణాల తేడాతో బయలుదేరి, ఒక్కొక్క చుట్టు తిరుగుతారు. ఇప్పుడు శక్తి 350 కిలోవాట్లు. తక్కువ సమయం తీసుకున్నవారు పై దశకు వెళతారు. ఫైనల్లో గెలిచినవారికి తొలి స్థానం, అంటే పోల్ పొజిషన్. ఓడినవారికి రెండో స్థానం. సెమీస్‌లో ఓడినవారికి మూడు, నాలుగు. క్వార్టర్స్‌లో ఓడినవారికి అయిదు నుంచి ఎనిమిది. మిగిలిన వారిలో పోల్ సాధించిన డ్రైవరు గ్రూపువారు బేసి స్థానాల్లో, రెండో గ్రూపువారు సరి స్థానాల్లో నిలబడతారు.

గ్రూపు దశలో అసలు కష్టం వేగం కాదు, చోటు. మూడు కిలోమీటర్లు కూడా లేని ట్రాక్‌పై 11 కార్లు. ముందున్నవాడు టైర్లు వేడి చేసుకుంటూ నింపాదిగా పోతుంటే వెనుక వేగంగా వచ్చేవాడి చుట్టు పాడవుతుంది. ఎవరైనా గోడను తాకి ఎర్రజెండా పడితే అప్పటికి మంచి సమయం నమోదు చేయనివాడు వెనకబడిపోతాడు. అందుకని తొందరపడితే నేలమీద పట్టు తక్కువ, ఆగితే జెండా భయం.

శనివారం ఉదయం జరిగిన ఫైనల్లో జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్, డీఎస్ పెన్‌స్కే డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్‌పై నెగ్గి పోల్ సాధించారు. అయితే పోల్ ఆయనకు కలిసిరాలేదు. రేసులో ఒక ఇరుకు మలుపు దగ్గర సొంత జట్టు సహచరుడు శామ్ బర్డ్ కారే వచ్చి ఎవాన్స్‌ను ఢీకొంది. రెండో స్థానం నుంచి బయలుదేరిన వెర్న్ చివరి చుట్లలో బ్యాటరీని పొదుపుగా వాడుకుంటూ, వెనుక నుంచి ఎన్విజన్ డ్రైవర్ నిక్ క్యాసిడీ ఒత్తిడిని తట్టుకుని విజేతగా నిలిచారు. మన మహీంద్రా జట్టు తరఫున ఆలివర్ రోలండ్ ఆరో స్థానం పొందారు.

జెండా పడ్డాకా తనిఖీ

మూడో స్థానంలో గీత దాటినది ఎన్విజన్ జట్టుకే చెందిన సెబాస్టియన్ బ్యూమీ. అయితే ఆయన కారు అనుమతించిన పరిమితికి మించి శక్తి వాడినట్టు తేలింది. ఫలితంగా 17 సెకన్ల జరిమానా కాలం కలిపారు. కార్లన్నీ ఒకదాని వెంట ఒకటి ముగించిన రేసులో 17 సెకన్లంటే బ్యూమీ 15వ స్థానానికి పడిపోయారు. మూడో స్థానం పోర్షే డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. తనిఖీ అంటే రేసుకు ముందు స్టిక్కరు అతికించి వదిలేయడం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. కారు నడుస్తున్నంతసేపూ మోటారు వాడే శక్తి లెక్క అధికారుల దగ్గర నమోదవుతూనే ఉంటుంది. జరిమానా ఎవరికి పడిందన్నది వేరే మాట. బయటివాడు ఎవరూ కంటితో పట్టుకోలేని తప్పును లెక్క పట్టుకుంది.

హైదరాబాద్‌కు ఆ పోటీ మళ్లీ రాలేదు. 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన రెండో ఏడాది రేసును రద్దు చేస్తున్నట్టు ఆ ఏడాది జనవరి తొలి వారంలో నిర్వాహకులు ప్రకటించారు. ప్రభుత్వం మారిన తర్వాత ఒప్పందం అమలు విషయంలో వచ్చిన భేదమే కారణమన్నారు. చెల్లింపుల వ్యవహారంపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. ఆ వివాదం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు.

అరచేతి కార్లకూ అవే నియమాలు

కోట్ల రూపాయల కార్లకు సంబంధించిన ఈ కట్టుబాట్లు మనకెందుకు అనుకోనక్కరలేదు. అరచేతిలో ఇమిడే విద్యుత్ కార్ల పోటీల్లోనూ ఇదే వరస నడుస్తుంది. వాటిని స్లాట్ కార్లు అంటారు. ట్రాక్ మీద సన్నని గాడి ఉంటుంది. దానికి రెండు వైపులా లోహపు పట్టీల్లో విద్యుత్తు ప్రవహిస్తుంది. కారు ముందుభాగం కింద ఉన్న నాలుక గాడిలో దిగి, పక్కనున్న కుంచెల ద్వారా కరెంటు తీసుకుంటుంది. స్టీరింగు ఉండదు. ఆటగాడి చేతిలో తుపాకి మీట వంటి నియంత్రిక ఒక్కటే. మలుపులో ఎక్కువ నొక్కితే కారు అక్షరాలా గాడి తప్పుతుంది. బ్రిటన్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1957లో స్కేలెక్‌స్ట్రిక్ పేరుతో వీటిని ప్రదర్శించినప్పటి నుంచి ఈ ఆట ప్రపంచమంతా వ్యాపించింది. అసలు కారులో 32వ వంతు, 24వ వంతు పరిమాణాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

చిన్న కారని తనిఖీలో ఉదారత చూపరు. చదునైన పలక మీద కారు పెట్టి అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ కొలుస్తారు. వెడల్పు, బరువు చూస్తారు. పైనుంచి చూస్తే చక్రాలు బాడీ దాటి బయటికి కనిపించరాదు. కొన్ని తరగతుల్లో కారు అడుగున అయస్కాంతం నిషేధం. అది ఉంటే కారు ట్రాక్‌కు అతుక్కుని మలుపుల్లో తప్పదు. టైర్లకు బంక ద్రవం పూశారేమో వేలితో తాకి చూస్తారు. మోటారు విషయంలో అనుమానాలకు తావులేకుండా చాలాచోట్ల నిర్వాహకులే మోటార్లు పంచుతారు. ఎవరికి ఏది వస్తుందో చీటీయే నిర్ణయిస్తుంది.

సాధనలో ప్రతి గాడిలోనూ కొంతసేపు నడపనిస్తారు. లోపలి గాడి మలుపు ఇరుకు, బయటి గాడి దూరం ఎక్కువ. ఏ రెండు గాడులూ ఒకలా ఉండవు. అందువల్ల అర్హత పోటీలో అందరినీ ఒకే గాడిలో, ఒకరి తర్వాత ఒకరిని, సాధారణంగా ఒక నిమిషం పాటు నడిపిస్తారు. ఎన్ని చుట్లు, ఆపై ఎంత భాగం అన్నదే లెక్క. ఎక్కువ చుట్లు తిరిగినవారికి రేసులో తొలి గాడిని ఎంచుకునే హక్కు దక్కుతుంది. ఆ తర్వాత విడతల వారీగా అందరూ అన్ని గాడులూ మారతారు. ఒక విడతలో ఆడినవారు తర్వాతి విడతలో మలుపుల దగ్గర నిలబడి, పడిపోయిన కార్లను తిరిగి గాడిలో పెట్టాలి. ప్రత్యర్థి కారునూ తన కారంత త్వరగా ఎత్తి పెట్టడం ఈ ఆటలో మర్యాద.

పాలిటెక్నిక్ కళాశాలలు, సైన్సు ప్రదర్శనలు నిర్వహించే పాఠశాలలు ఇటువంటి పోటీ పెట్టదలిస్తే పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. ప్లైవుడ్ పలకలో గాడి తీయగల వడ్రంగి, 12 వోల్టుల విద్యుత్ సరఫరా, తూకం, కొలబద్ద, సెకన్ల గడియారం ఉంటే చాలు. తనిఖీకి ఒక బల్ల, దానికి ఒక ఉపాధ్యాయుడు మాత్రం తప్పనిసరి. తనిఖీ పూర్తయిన కారును అక్కడే ఉంచాలి. రేసుకు పిలుపు వచ్చేదాకా దానిని తయారుచేసిన విద్యార్థి సైతం ముట్టుకోరాదు. రేసు ముగిశాక మొదటి ముగ్గురి కార్లు తిరిగి అదే బల్లపైకి రావాలి. మళ్లీ కొలిచిన తర్వాతే ఫలితం చదవాలి.